కాయకము నిలిచిపోయినపుడు
(మనోవ్యాధికి వైద్యుని ఆశ్రయింపవలసిన సమయము)



మనస్సునకు వచ్చిన వ్యాధిని వైద్యునకు చూపించుట భక్తికి లోపమగునా అను ప్రశ్న మన కుటుంబములలో తరచుగా వినబడుచున్నది. జ్వరము వచ్చిన బిడ్డను ఆ సాయంకాలమే ఆసుపత్రికి తీసికొనిపోవు తండ్రి, అదే బిడ్డ పెరిగి పెద్దవాడై నిద్రాహారములు మాని గదిలో ముడుచుకొని కూర్చుండినపుడు మాత్రము నెలల తరబడి వేచియుండును. గాలి సోకినదనును, దిష్టి తగిలినదనును, తాయెత్తు కట్టించును. పెండ్లి చేసిన కుదురుకొనునని బంధువులు చెప్పిన మాట వినును. ఏమియు తెలియని మరియొక ఇంటి ఆడుబిడ్డను ఆ కష్టములోనికి దింపును. నడుమ నడుమ మఠమునకు తీసికొనివచ్చి స్వాములవారి పాదములపై పడవేయును. తుదకు మానసిక వైద్యుని యొద్దకు చేరునప్పటికి ఇంటిలోని ధనము, ఇంటివారి ఓరిమి రెండును తరిగిపోయియుండును. వ్యాధి మాత్రము ముదిరియుండును.

ఈ జాప్యము మనకు మాత్రమే పరిమితము కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16 లో పండ్రెండు రాష్ట్రములందు జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేక్షణలో, పెద్దవారిలో 10.6 శాతము మంది ఏదో ఒక మానసిక వ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. వ్యాధిని బట్టి వారిలో 70 నుండి 92 శాతము వరకు చికిత్స అందనివారే. అయినను ఇతరులకు లేని సాధనము ఒకటి మనకు కలదు. బసవేశ్వరుడు మనకు కాయకము అను కొలబద్దను ఇచ్చి పోయెను. ఆ కొలబద్దతో చూచిన, ఎప్పుడు వైద్యుని యొద్దకు పోవలెనో చదువురాని వారును గుర్తింపగలరు. ఈ వ్యాసమందు చెప్పదలచినది అదియే.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు క్షుద్రదేవతలకు, శకునములకు, మంచిచెడు ఘడియలకు వెరచు బుద్ధిని గట్టిగా ఖండించెను. మెడలో ఇష్టలింగమును ధరించి దండకు తాయెత్తు కట్టించుకొనుట ఆయన బోధకు విరుద్ధమని వేరుగా చెప్పనక్కరలేదు. విచిత్రమేమనగా, తాయెత్తునకు అడ్డురాని భక్తి ఆసుపత్రికి మాత్రము అడ్డువచ్చుచున్నది! అనుభవ మంటపపు శరణులలో వైద్యుడును ఉండెను. వైద్య సంగణ్ణ అను ఆ శరణుని కాయకము రోగులకు చికిత్స చేయుటయే. నేత నేయువాడు, పడవ నడుపువాడు, చెప్పులు కుట్టువాడు ఏ పీఠముపై కూర్చుండిరో ఆ పీఠముపైననే వైద్యుడును కూర్చుండెను. ఆయన ఇచ్చిన మందును స్వీకరించుట లింగమునకు దూరమగుట అని నాటి శరణులెవ్వరును తలచియుండరు.

అయినను మన సంప్రదాయమందే ఒక చిక్కు కలదు. దానిని దాచిపెట్టి వ్రాయుట తగదు. శూన్యసంపాదనమందు మరుళశంకరదేవుని కథ కలదు. ఆయన బసవేశ్వరుని మహామనెలో ప్రసాదకుండము చెంత పెక్కేండ్లు వెర్రివానివలె పడియుండగా ఎవ్వరును గుర్తింపలేకపోయిరి. అల్లమప్రభువు వచ్చి ఆయన మహిమను తెలిసికొనెను. మరులు అనగా వెర్రి యని మన తెలుగువారికి వేరుగా చెప్పనేల? ఈ కథ వినుచు పెరిగిన ఇంటిలో ఒక యువకుడు స్నానము మాని, తనలో తాను నవ్వుకొనుచు, రాత్రులు వీధులలో తిరుగుట మొదలిడిన, ‘అతనికి వైరాగ్యము కలిగినది, కదిలింపకుడు’ అనువారు ఇద్దరు ముగ్గురు బయలుదేరుదురు. నలుబది యేండ్లు వచ్చువరకు ఆ యువకుడట్లే తిరుగును. అతనిలో శివుని చూచితిమన్నవారు అతనికి అన్నము పెట్టుట కూడ క్రమముగా మానివేయుదురు.

వైరాగ్యమునకు, వ్యాధికి గల భేదమును శరణులే చూపిరి. అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు ఆమె వేషమును చూచి ఎవ్వరును ఊరక మ్రొక్కలేదు. అల్లమప్రభువు ఆమెను సభలో నిలిపి ప్రశ్నించెను. ఆమె ప్రతి ప్రశ్నకు నిదానముగా ప్రత్యుత్తరమిచ్చెను. అనుభవ మంటపమందు పరీక్ష అనగా ఇదియే. నిజమైన వైరాగ్యము గలవాడు అడిగినదానికి బదులు చెప్పగలడు, ఎదుటివాని మాట వినగలడు, తన స్థితిని తాను వివరింపగలడు. లోకమునకు దూరమైనను లోకమునకు వెరవడు. వ్యాధి సోకినవాని స్థితి వేరు. ఎవ్వరికిని వినబడని గొంతులు అతనిని తిట్టును, ఆజ్ఞాపించును. కన్నతల్లి పెట్టిన అన్నములో విషము కలదని అతడు తలచును. దారిన పోవువారు తననుగూర్చియే మాటలాడుకొనుచున్నారనును. ఆ భయమునుండి బయటపడవలెనని అతనికిని ఉండును, కాని పడలేడు. అట్టివానిని మరుళశంకరుడనుట ఆ శరణుని యెడల గౌరవము కాదు, ఈ యువకుని యెడల దయయు కాదు. స్కిజోఫ్రీనియా అను ఈ వ్యాధి హెచ్చుగా పదునారు, ముప్పది యేండ్ల నడుమ మొదలగును. ఎంత త్వరగా మందు మొదలుపెట్టిన అంత మేలు.

ఇక కాయకపు కొలబద్దను గూర్చి. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతుల కథ మనలో తెలియనివారుండరు. రాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అనుభవ మంటపపు గోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. అది మొదట కనిపెట్టినది లక్కమ్మ. ఆమె హెచ్చరించెను, ఆయన లేచి వెళ్లెను. ఇందులో రెండు సంగతులు కలవు. మొదటిది, మార్పును ముందుగా గుర్తించునది ఇంటివారే. రెండవది మరింత ముఖ్యము: మారయ్య ఆరోగ్యవంతుడు గనుక ఒక్క మాటకే లేచెను. మన ఇంటిలో కాయకము నిలిచిపోయిన మనిషిని మందలించితిమి, బుజ్జగించితిమి, దేవుని పేర వేడుకొంటిమి, అయినను లేవలేదు. అప్పుడు లోపము అతని సంకల్పములో లేదు, అది వ్యాధి అని ఎరుగవలెను. ఆపైన ‘సోమరి’ యని, ‘భక్తి చాలదు’ అని నిందించుట కాలు విరిగినవానిని నడువుమని కొట్టుటయే. కాయకమే కైలాసమను సిద్ధాంతమును రోగి నెత్తిన మోదుటకు వాడువారిని చూచిన బాధ కలుగును. ఆ సిద్ధాంతము మనలను మనము కొలుచుకొనుటకు చెప్పబడినది.

ఎన్నిదినములు చూడవలెను? మనస్సు క్రుంగు వ్యాధి విషయమున వైద్యశాస్త్రము రెండు వారములు అను గడువు చెప్పుచున్నది. దాదాపు ప్రతిదినము, దినములో హెచ్చుభాగము దిగులుగా నుండుట, ఇంతకుముందు ప్రీతి గలిగించిన వానియందు ఇచ్ఛ నశించుట, తెల్లవారుజామున మెలకువ వచ్చి మరల నిద్ర పట్టకుండుట, ఆకలి లేకుండుట, చిన్న పనికే అలసట, తాను ఇంటికి బరువైతినను తలపు – ఇట్టివి పెక్కు కలిసి రెండు వారములు నిలిచి, పొలము పని, వంట పని, చదువు, లింగపూజ కుంటుపడిన ఇక వేచియుండరాదు. లింగపూజకు కూర్చుండి కన్నీరు కార్చుచు ‘శివుడు నన్ను విడిచెను’ అను వృద్ధురాలిని చూచి, ఎంత భక్తియో అని మురిసిపోకుడు. ఆమె రాత్రి నిద్రించినదా, భుజించినదా అని అడుగుడు.

చావు సంభవించిన ఇంటిలోని దుఃఖము వ్యాధి కాదు. పంట పోయిన రైతు దిగులుపడుట వ్యాధి కాదు. ఆ దుఃఖము అలలవలె వచ్చి పోవుచుండును. నడుమ నడుమ మనిషి మాటలాడును, మనుమని ఎత్తుకొనును. నెలలు గడచినను అల తగ్గక, మనిషి మరల పనిలోనికి రాలేకపోయిన అప్పుడు మాత్రము అడుగవలెను.

మన పల్లెలలో మనోవ్యాధి మరియొక వేషమున వచ్చును. ‘మనస్సు బాగులేదు’ అని చెప్పుటకు సిగ్గుపడు మనిషి ‘తల బరువు, ఒళ్లంతా మంట, గుండె దడ, నరాల బలహీనత’ అనును. బలమునకని సూదిమందులు పొడిపించుకొనును, సెలైను ఎక్కించుకొనును, పరీక్షలన్నియు చేయించుకొనును. పరీక్షలు చేయించుట తప్పు కాదు, థైరాయిడు లోపము వంటి దేహవ్యాధులును మనస్సును క్రుంగదీయును. అవన్నియు సరిగానున్నవని డాక్టరు చెప్పిన పిదపను బాధ తగ్గనిచో, ‘ఏమియు లేదట’ అని ఇంటికి వచ్చుట కాదు, మానసిక వైద్యుని అడుగుట తరువాతి మెట్టు.

దిగులునకు వ్యతిరేకమైన వ్యాధియు కలదు. మనిషి రాత్రికి రెండు గంటలు నిద్రించియు అలసట యెరుగడు, ఎడతెగక మాటలాడును, ఉన్న ఎకరము అమ్మి గుడి కట్టించెదననును, తానే బసవేశ్వరుని అవతారమనును. మొదటి వారము చుట్టుప్రక్కలవారు పాదములకు మ్రొక్కుదురు; మూడవ వారము అప్పులవారు వత్తురు. ఆస్తి పత్రములపై సంతకములు జరుగకముందే ఇట్టివానిని వైద్యునకు చూపవలెను.

కొన్నిటికి రెండు వారములు కాదు, రెండు దినములు కూడ ఆగరాదు. ప్రసవించిన కొలది దినములలోనే బాలింత నిద్రమాని, అసంబద్ధముగా మాటలాడుచు, బిడ్డను చూచి వెరచుట గాని, బిడ్డకు కీడు తలపెట్టుట గాని జరిగిన, దానిని బాలింత వాతమని గదిలోనుంచి తలుపు వేయరాదు. వేయి ప్రసవములలో ఒకటి రెండింట ఇది కలుగుచుండును. చికిత్స చేసిన హెచ్చుమంది పూర్తిగా కోలుకొందురు. జాప్యము చేసిన తల్లీబిడ్డ లిరువురి ప్రాణములకును అపాయము. వృద్ధులు ఒక్కసారిగా తికమకపడి ఇంటివారిని గుర్తింపలేకపోయిన అది మతిమరపు కాదు. మూత్రములో సోకిన వ్యాధియో, చక్కెర పడిపోవుటయో, ఒంటిలో ఉప్పు తగ్గుటయో కావచ్చును. ఆనాడే ఆసుపత్రికి కొనిపోవలెను.

మరియొకటి మన ప్రాంతమునకు మిక్కిలి అవసరము. మద్యము లింగధారులకు నిషిద్ధము. నిషిద్ధమైనను మన ఇండ్లలో లేదని చెప్పుట ఆత్మవంచన. ఏండ్లతరబడి ప్రతిదినము త్రాగినవాడు మాల వేసికొని దీక్షపట్టి ఒక్కసారిగా మానివేయును. రెండు మూడు దినములలో చేతులు వణకును, చెమట పట్టును, గోడలపై పాములు, పురుగులు కనబడును, మాట తడబడును. దేవుడు పూనెనని చుట్టును చేరి హారతులిత్తురు. అది పూనకము కాదు; మద్యము ఆగుటవలన మెదడునకు కలిగిన ప్రాణాపాయ స్థితి. ఆ రాత్రియే ఆసుపత్రిలో చేర్చవలెను. దీక్ష నీయదలచిన గురువులు ‘ఎంత త్రాగుచుంటివి, ఎన్నేండ్లనుండి’ అని ముందుగానే అడిగి, వైద్యుని సలహాతో మాన్పించుట మేలు.

పత్తి, మిరప పండించు పల్నాటిలో పురుగుమందు డబ్బా ప్రతి ఇంట నుండును. చావవలెనని నోట అన్న మనిషిని, అప్పులు తీర్చు లెక్కలు చెప్పి వీడ్కోలు పలుకు మనిషిని ఒంటరిగా విడువరాదు. ‘చావవలెనని అనిపించుచున్నదా?’ అని నేరుగా అడుగవచ్చును. అడిగిన ఆ తలపు పుట్టదు, ఉన్న బరువు దిగును. డబ్బాలను ఇంటినుండి తీసివేసి తాళము వేసిన చోట నుంచవలెను. ఇదివరకే త్రాగియున్న, వాంతి చేయించుటకై ఉప్పునీరు పట్టింపక 108 కు ఫోను చేసి, ఆ డబ్బాను కూడ డాక్టరుకు చూపవలెను. కేసు పెట్టుదురను భయముతో దాచిపెట్టువారు ఇంకను కలరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యాయత్నము చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లే భావింపవలెనని, అతనికి సంరక్షణ కల్పించుట ప్రభుత్వపు విధి యని చెప్పుచున్నది. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ యత్నమునకై శిక్షించు పాత సెక్షను లేదు.

ఇక మఠముల మాట. కష్టము వచ్చిన కుటుంబము డాక్టరుకంటె ముందు జంగమయ్యగారి యొద్దకే వచ్చును. ఇది మంచిదే. విభూతి ధరింపజేయుడు, పంచాక్షరి చెప్పుడు, ప్రసాదమిండు. అంతటితో పాటు ‘రేపు ఆసుపత్రికి పొండు, మందు వేసికొనుట గురువాజ్ఞ’ అని ఒక్క మాట చెప్పుడు. ఆ మాట విలువ వైద్యుని చీటికంటె ఎక్కువ. చెప్పకుండిన ఆ పాపము మఠమును తాకును. నయమగువరకు ఇచ్చటనే యుంచుడని తల్లిదండ్రులు వదలిపోదుమన్న సమ్మతింపరాదు. గొలుసు మాట అసలే తలపెట్టరాదు. 2001 ఆగస్టు 6 న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయగృహమునకు నిప్పంటుకొనగా 28 మంది రోగులు మరణించిరి. గొలుసులతో కట్టియుండుటచే పారిపోలేకపోయిరి. నయమగుదురని నమ్మియే వారి వారు అచ్చట విడిచిరి. 2017 చట్టము రోగిని ఏ రీతిగానైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది. మత్తుమందు ఈయక కరెంటు చికిత్స చేయుటను కూడ నిషేధించినది.

ఆసుపత్రి యనగానే విశాఖపట్టణమందలి పెద్ద మానసిక వైద్యశాలకు పంపి అచ్చటనే యుంచుదురేమో అను భయము పాతతరమువారికి కలదు. హెచ్చుమందికి ఆసుపత్రిలో ఉండు అవసరమే రాదు. మనకు పొరుగున, తెలుగు, కన్నడము కలిసి మాటలాడు బళ్లారి జిల్లాలో 1985 నుండి నిమ్‌హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, ఇంటివద్ద నుండియే చికిత్స పొందవచ్చునని నిరూపించిరి. లింగాయతులు పెక్కుమంది గల ఆ జిల్లా అనుభవమే 1996 లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమముగా దేశమందు మొదలైనది. ఈపూరు వారు మొదట తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరును అడిగి, వినుకొండ, నరసరావుపేటలలో ఎవరిని చూడవలెనో తెలిసికొనవచ్చును. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. ఎచ్చటికి పోవలెనో తోచనివారు 14416 అను టెలి మానస్ సంఖ్యకు రాత్రియైనను పగలైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. 2022 అక్టోబరు 10 న మొదలైన ఈ సేవ ఉచితము. పేరు చెప్పుటకు సంకోచించువారికిది అనుకూలము.

మందులు పరదేశపు విషములనువారికి ఒక సంగతి. మన అడవులలోని సర్పగంధ వేరు మనోవ్యాధికి పనిచేయునని 1931 లోనే కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తీకచంద్ర బోసు ప్రకటించిరి. దానినుండి తీసిన మందు కొంతకాలము లోకమంతట వాడబడెను. కొందరిలో దిగులు కలిగించుచున్నదని తెలిసి, అంతకంటె మేలైనవి వచ్చిన పిదప వెనుకబడెను. వైద్యము తన లోపములను దిద్దుకొనుచు నడచు కాయకము. దిగులు తగ్గించు మందులు రెండు నుండి నాలుగు వారములకుగాని పని చూపవు. నాలుగు దినములు మ్రింగి గుణము లేదని పారవేయరాదు. నయమైన తరువాతను ఆరు నెలలకు తక్కువ కాకుండ కొనసాగింపవలసి యుండును. ఇవి మద్యమువలె వ్యసనము కావు. కాని డాక్టరునడుగక ఒక్కసారిగా మానరాదు. శివరాత్రి ఉపవాసమునాడును మందు వేసికొనవలెను. లిథియము వాడువారు నీరు కూడ మాని ఉపవసించుట అపాయము, ముందుగా డాక్టరునడుగవలెను.

తుదకు మన వారినే బాధించు ఒక సందేహము. ఆసుపత్రిలో ఇష్టలింగమును తీయమందురేమో? ఎం.ఆర్.ఐ. స్కానింగు సమయమున వెండి సజ్జ దేహముపై నుండరాదు. ఆత్మహత్యకు తలపడిన రోగి మెడలో శివదారము కూడ ఉంచరాదని వార్డులో చెప్పవచ్చును. ఆ దారమే ఉరి కావచ్చునను భయముతో చెప్పుదురు. వాదింపకుడు. నులియ చందయ్య గడ్డి కోయుచుండగా ఇష్టలింగము నీటిలో జారిపడెను; ఆయన ఆగక తన కాయకమునకు సాగిపోయెను; లింగమే ఆయన వెంట వచ్చెనని శరణులు చెప్పిరి. అట్టి కథ గల మనకు ఒక గంట లింగము తల్లి అరచేతిలో నుండుట లింగవియోగమగునా? తోడుగా వెళ్లినవారు లింగమును శుభ్రమైన వస్త్రమున ఉంచుకొని, రెండు పూటలు రోగి కూర్చుండి పూజించుకొను వేళకు చేతికిచ్చి, పూజ కాగానే మరల తీసికొనవచ్చును. ముందుగానే గురువుగారినడిగి ఆ మాట రోగికి ఆయన నోటనే చెప్పించిన మనస్సు కుదుటపడును. డాక్టరుకును సంకోచింపక వివరింపుడు. చీటిపై వ్యాధి మొదలైన నెల, నిద్రించు గంటలు, ఇదివరకు వాడిన మందుల పేర్లు, నాటువైద్యము చేయించియున్న ఆ సంగతియు వ్రాసికొని, పాత మందుల అట్టలను సంచిలో వేసికొని బయలుదేరుడు.